బడికొఱకు అర్జీ

మా వీధిలో నెవరికైనను అర్జీ వ్రాయవలసి వచ్చినచో ముందుగా మా గుమ్మమే త్రొక్కుదురు. బడిపంతులుగారి యిల్లు గదా, కాగితమునకును కలమునకును కొదవ యుండదని వారి నమ్మకము. పింఛను నిలిచిపోయిన ముసలమ్మ వచ్చును. రేషను కార్డులో కోడలి పేరు చేర్పింపవలసిన అత్తగారు వచ్చును. మేమును వంటపని ముగించుకొని, చేయి తుడుచుకొని, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి యిచ్చుచుండెదము. ఇట్లు పదేండ్లుగా ఊరివారి యర్జీలన్నియు వ్రాసిన మాకు, మా పిల్ల చదువు బడినిగూర్చి యొక్క అర్జీ సరిగా వ్రాయుట చేతగాలేదని చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది. ఐనను ఆ సిగ్గును దాచుకొనుటకంటె సోదరీమణులతో పంచుకొనుటయే మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2024 జూనులో బడులు తెఱచిననాటికి మా గ్రామములోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో డెబ్బదిరెండుగురు పిల్లలుండిరి. ఒకటవ తరగతినుండి అయిదవ తరగతివఱకు అయిదు తరగతులు, ఉపాధ్యాయులు ఇద్దరు. ఆ యిద్దరిలో నొకరిని జూలై మొదటివారమున ‘పని సర్దుబాటు’ అను పేరుతో మఱియొక యూరికి పంపిరి. మిగిలిన యుపాధ్యాయిని ఒక్కర్తె. ఆమెయే హాజరు పిలువవలెను, మధ్యాహ్న భోజనపు లెక్క ఫోనులో పంపవలెను, అయిదవ తరగతికి భిన్నములు చెప్పుచు ఒకటవ తరగతి పిల్లల యేడ్పు మాన్పవలెను. మా చిన్నమ్మాయి అప్పుడు నాలుగవ తరగతి. ఒకనాటి సాయంకాలము అది యింటికి వచ్చి, “ఇవాళ నేనే రెండో తరగతికి పాఠం చెప్పానమ్మా” అని గొప్పగా చెప్పినది. విని మేము నవ్వితిమి. రాత్రి పడుకొన్నతరువాత ఆ నవ్వు మాకే వెగటైనది.

మఱునాడే కలము పట్టితిమి. చిన్ననాట మా నాయనగారియొద్ద భారతమును, మనుచరిత్రమును చదువుకొన్నవారము గావున మాటలకు లోటులేదు. విద్యాశాఖామాత్యులవారికి నాలుగు పుటల లేఖ వ్రాసితిమి. మొదటి పుటయంతయు విద్య యొక్క మహిమ. రెండవ పుటలో ప్రాచీనకాలపు గురుకులములు. మూడవ పుటలో వచ్చినది మా బడి. అచ్చటనైన నిలిచితిమా? ఉపాధ్యాయుని సంగతితో బాటు ప్రహరీగోడ, మరుగుదొడ్డిలో నీరు, పుస్తకముల బీరువా, ఆటస్థలములోని తుమ్మచెట్టు, అన్నియు కలిపి పదునాలుగు కోరికలు. కవరు అంటించి తపాలాపెట్టెలో వేసి, ఒక మహాకార్యము చేసినట్లు ఊపిరి పీల్చుకొంటిమి. సమాధానము రాలేదు. వచ్చుటకు కారణమును లేదు. ఆ కచ్చేరిలో కూర్చున్న గుమాస్తా యెవరైనను ఆ నాలుగు పుటలు చదివి, దీనిని ఏ శాఖకు పంపవలెనో తెలియక ప్రక్కన పెట్టియుండును. మేమే ఆ స్థానమున నున్నను అట్లే చేసియుందుము.

తరువాత శ్రావణమాసములో నొక పెండ్లిలో మా శాసనసభ్యులు కనబడిరి. అక్షతలు వేసి వెడలుచున్న వారికి అడ్డువచ్చి బడిసంగతి చెప్పితిమి. వారు మర్యాదగా విని, “అలాగేనమ్మా, చూద్దాం” అనిరి. వెనుకనున్న నలువది మంది వారిని ముందునకు త్రోసికొనిపోయిరి. ఆ పందిటిలో వారికి అట్టివి ఇరువది మనవులైన చెవిని పడియుండును. మేళములమధ్య నోటితో చెప్పినమాట కారు ఎక్కునప్పటికే యెగిరిపోవునని ఆనాడు గ్రహించితిమి.

మావారితో ఈ సంగతి చెప్పగా వారు కొంచెము చిరాకుపడిరి. వారు నాలుగు కిలోమీటర్ల దూరమునందలి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేయుచున్నారు. ప్రభుత్వోద్యోగుల నడవడిని గూర్చి 1964లో ఏర్పడిన నిబంధనలు నేటికిని అమలునందున్నవి. ఉద్యోగి తన యుద్యోగవిషయములలో రాజకీయపు పలుకుబడిని తెచ్చుట వానిచేత నిషిద్ధము. “నీవు వెళ్ళితే నేను పంపానంటారు” అని వారి భయము. అది నిరాధారమైన భయము కాదు. మేము ఆలోచించి చెప్పినదేమనగా, మీ బదిలీకొఱకో మీ జీతముకొఱకో మేము గడప దాటినచో అది తప్పు. మా పిల్ల చదువుచున్న బడిలో పంతులు లేడని తల్లిగా చెప్పుట మా హక్కు. వారు కొంతసేపు మౌనముగా నుండి, “అయితే నా పేరు ఎక్కడా రానీయకు” అనిరి. ఉపాధ్యాయుల భార్యలగు సోదరీమణులు ఈ గీతను మఱవకుందురు గాక. అర్జీలో “ఫలానా పంతులుగారి భార్యను” అని వ్రాయక, “ఫలానా తరగతి విద్యార్థిని తల్లిని” అని వ్రాయవలెను.

అట్లు వ్రాయుటకు చట్టపు బలమే యున్నది. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1నుండి అమలైనది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రతి సర్కారు బడికిని యాజమాన్య సంఘ ముండవలెను. అందు ముప్పాతికవంతు తలిదండ్రులు, మొత్తములో సగమువంతు స్త్రీలు. బడికి కావలసినవాని నన్నిటిని వ్రాసి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయుట 22వ సెక్షను ఆ సంఘమునకు పెట్టిన పని. మన రాష్ట్రమున ఆ సంఘములకు 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగినవి. మేమును మా నాలుగవ తరగతి తల్లులలో నొకతెగా ఎన్నికైతిమి. ఎన్నికైన వెనుక తెలిసినది, అంతకుముందు సంఘములో నున్న తల్లులలో చాలమంది యా సంగతియే యెఱుగరు! తీర్మానముల పుస్తకము ఇంటికి వచ్చినపుడు సంతకము పెట్టి పంపిరట. ఏమి తీర్మానించితిరమ్మా అని యడుగగా, “బడి పుస్తకం కదండీ, మంచిదే అయ్యుంటుంది” అని యొకామె చెప్పినది.

కిష్కింధలో హనుమంతుడు మొదటిసారి మాటలాడినపుడు శ్రీరాముడు లక్ష్మణునితో నా మాటతీరును మెచ్చుకొనుట మన మందఱము చదివినదే. అతడు ఎక్కువ చెప్పలేదు, సందేహము మిగుల్చలేదు, నానబెట్టలేదు. మా నాలుగు పుటల లేఖలో ఆ మూడు దోషములును ఉన్నవి. అంతకంటె పెద్ద దోషము మఱొకటి, హనుమంతుడు తాను ఎవరితో మాటలాడుచున్నాడో ఎఱిగి మాటలాడెను; మేము ఎఱుగము.

కావున మొదట ఎవరి చేతిలో ఏమున్నదో తెలిసికొనుటకు బయలుదేరితిమి. మరుగుదొడ్డికి నీటిగొట్టము, బడిముందరి మురుగు, వీధిదీపము, ఇవి పంచాయతి చేయదగిన పనులు. దీనికి అమరావతికి ఉత్తరము వ్రాయుట పొరుగింటి నిప్పుకు కాశీకి పోయినట్లుండును. ఉపాధ్యాయుని ఒక బడినుండి మఱియొక బడికి సర్దుట విద్యాశాఖ యధికారుల పని. మండల విద్యాధికారి సిఫారసు చేయును, జిల్లా విద్యాధికారి ఉత్తరు విచ్చును. అందు సర్పంచికిగాని శాసనసభ్యునికిగాని సంతకముచేయు నధికారము లేదు. ఏ తరగతి ఏ బడిలో నుండవలెను, ఎందఱు పిల్లలకు ఎందఱు పంతుళ్ళు అనునది రాష్ట్రప్రభుత్వపు విధానము. 2022లో 117వ నంబరు ఉత్తరువు వచ్చి, కిలోమీటరు లోపల ఉన్నత పాఠశాల యున్నచోట 3, 4, 5 తరగతులను దానికి తరలించినపుడు, ఎన్నియో యూళ్ళలో తల్లులు బడిగుమ్మములయొద్ద కూర్చుండి వాదించిరి. పాపము, వారి కెదురుగా నిలిచిన ప్రధానోపాధ్యాయునకు దానిని మార్చు శక్తి యెక్కడిది? అది మంత్రివర్గమును, శాసనసభను కదల్పవలసిన సంగతి. 2025లో ఆ యుత్తరువును తొలగించి ప్రభుత్వము క్రొత్త యుత్తరువుల నిచ్చినది.

సంతకముచేయు నధికారము లేనప్పుడు శాసనసభ్యునియొద్దకు పోవుట యెందుకని మీరడుగవచ్చును. మేమును మండల విద్యాధికారిగారి నదే యడిగితిమి. ఆయన నవ్వి, “మేము అడిగితే కాగితం, వారు అడిగితే సమాధానం చెప్పవలసిన కాగితం” అనిరి. ఎంత నిజము! శాసనసభ్యుడు తన ముద్రగల కాగితముపై జిల్లా విద్యాధికారికి లేఖ వ్రాయగలడు. జిల్లా పరిషత్ సమావేశములో కూర్చుండి యధికారులను ప్రశ్నింపగలడు. శాసనసభలో ప్రశ్న వేయగలడు. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నయైనచో మంత్రి సభలో నోటితోనే సమాధానము చెప్పవలెను, గుర్తులేనిదైనచో వ్రాతమూలముగా. రెండు సమావేశములనడుమ ఆరునెలలు మించరాదని రాజ్యాంగములోనే యున్నది గనుక ఏడాదికి రెండుసార్లైనను సభ కూడక తప్పదు. బడ్జెటు సాధారణముగా ఫిబ్రవరి మార్చి నెలలలో వచ్చును. క్రొత్త గదులవంటి వ్యయముతో కూడిన కోరికలు సంక్రాంతిలోపల చేరవలెను. ఉగాదికి చేరిన యర్జీ మఱుసటి యేటికి పోవును. శాసనమండలిలో ఉపాధ్యాయుల ప్రతినిధులును వేఱుగా నున్నారు గాని, రాజ్యాంగపు 171వ అధికరణము ప్రకారము వారి కోటు వేయువారు ఉన్నత పాఠశాలకు తక్కువగాని విద్యాలయముల యుపాధ్యాయులు మాత్రమే. చిన్నబడి పంతులమ్మకు ఆ యోటు లేదు. ఇది యేమి న్యాయమో మాకు నేటికిని బోధపడలేదు.

తరువాతి పని లెక్క. “పంతుళ్ళు చాలరు” అని చెప్పినచో ఏ బడిలో చాలునని యెదురుప్రశ్న వచ్చును. చట్టపు షెడ్యూలులో స్పష్టముగా నున్నది: ప్రాథమిక పాఠశాలలో అఱువదిమంది పిల్లలవఱకు ఇద్దఱు పంతుళ్ళు, 61నుండి 90వఱకు ముగ్గురు. మా బడికి ముగ్గురు రావలెను; ఉన్నది ఒక్కరు. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీ లెన్ని అని తెలిసికొనుటకు సమాచారహక్కు చట్టము క్రింద ఒక కాగితము పెట్టితిమి. 2005లో వచ్చిన ఈ చట్టము ప్రకారము ముప్పది దినములలో సమాధానమీయవలెను. దినములు లెక్కపెట్టుకొనుచుండగా ఇరువదియెనిమిదవనాడు వచ్చినది.

ఆ కాగితములోనే మాకొక చిక్కు ఎదురైనది. మా పంతులుగారిని పంపిన ఆ రెండవ యూరిబడిలో నలువదిమంది పిల్లలు, వారికి అంతకుముందు ఒక్క పంతులైన లేడు. ఉన్న యాయన పదవీ విరమణము చేయగా తాళము పడవలసిన బడికి మా పంతులు పోయినాడు. అంతవఱకు మేము “మా పంతులును మాకు తిరిగి పంపుడు” అని యడుగుటకు సిద్ధపడియుంటిమి. అది నెగ్గినచో ఆ నలువదిమంది తల్లులు మఱునాడు మఱొక యర్జీతో ఎదురువత్తురు. అధికారికిగూడ ఇదియే సుఖము. రెండూళ్ళు తమలో తాము కొట్లాడుకొన్నంతకాలము ఆయన నెవ్వరు నేమియు ననరు. ఆ రాత్రి చాలసేపు మాకు నిద్రపట్టలేదు. మా యమ్మాయి తరగతిలో పంతులుండవలెనన్న కోరిక యెంత న్యాయమో, ఊరవతలి పిల్ల కోరికయు నంతే న్యాయము గదా!

తెల్లవాఱినతరువాత మా సంఘములోని యిద్దఱు తల్లులతో కలిసి ఆటోలో ఆ యూరికి పోయితిమి. అక్కడి సర్పంచి స్త్రీ. పలుకరింపబోగా వారి భర్తగారే సమాధానము లిచ్చుచుండిరి. మన రాష్ట్రములో పంచాయతి స్థానములలో సగము స్త్రీలకు కేటాయించుచు 2011లో శాసనము చేసిరి గాని, కుర్చీ యొకరిది, మాట యొకరిది యగుట పలుచోట్ల చూచుచునే యున్నాము. మేము ఆయన చెప్పినదెల్ల విని, మరల ఆమెవైపే తిరిగి, “మీరేమంటారమ్మా?” అని యడుగుచుంటిమి. మూడవసారికి ఆమె గొంతు విప్పినది. “మా వాడు రెండో తరగతి. ఇద్దరికీ పంతులు కావాలని కలిసి రాయండి, నేనూ సంతకం పెడతాను” అన్నది. మాకు తట్టని మాట ఆమెకే తట్టినది.

ఈసారి వ్రాసిన యర్జీ ఒకే పుట. దాని సారాంశము నిచ్చట ఇచ్చుచున్నాము, ఎవరికైన పనికిరావచ్చును:

“గౌరవనీయులగు శాసనసభ్యులవారికి. మా రెండు గ్రామముల ప్రాథమిక పాఠశాలలలో కలిసి 112 మంది పిల్లలున్నారు. విద్యాహక్కు చట్టము షెడ్యూలు ప్రకారము మొదటి బడికి ముగ్గురు, రెండవ బడికి ఇద్దఱు ఉపాధ్యాయులు రావలెను. ప్రస్తుతము చెఱియొక్కరు మాత్రమే యున్నారు. క్రొత్త నియామకములు జరుగులోపల మండలములో పిల్లలకంటె ఉపాధ్యాయులు ఎక్కువగానున్న బడినుండి ఒకరిని మాకు సర్దవలసినదిగా జిల్లా విద్యాధికారికి వ్రాయగోరుచున్నాము. హాజరుపట్టీల లెక్క, ఖాళీల వివరము జతపఱచినాము. ఇందు సంతకము చేసినవారందఱు ఈ రెండు బడుల పిల్లల తల్లులు.”

ఇంతే. విద్యామహిమ లేదు, గురుకులములు లేవు. ప్రహరీగోడ లేదు, తుమ్మచెట్టును లేదు. తుమ్మచెట్టును విడుచుటకు మాకు కొంత కష్టముగనే యుండెను.

సంతకములకొఱకు మూడు సాయంకాలములు తిరిగితిమి. నాట్లకు పోయివచ్చిన యొక తల్లి బురదకాళ్ళతోనే గట్టుమీద కూర్చుండి, “నాకు చదువు రాదమ్మగారూ, వేలిముద్ర వేస్తే చెల్లుతుందా?” అని యడిగినది. చెల్లునని చెప్పి మొత్తము చదివి వినిపించితిమి. ఆమె విని, “మావాడికి మూడో తరగతిలోనూ ఒత్తులు రావని రాశారా?” అన్నది. వ్రాయలేదు. అది వ్రాయవలసినదే యని తోచి, ఎందఱు మూడవ తరగతి పిల్లలు రెండవ తరగతి వాచకము చదువలేకున్నారో ఉపాధ్యాయిని సహాయముతో లెక్కించి ఒక పంక్తి చేర్చితిమి. చదువురాని తల్లుల మాట చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణము మూయించిన స్త్రీలు అక్షరములు దిద్దుకొనుచున్న కూలివారు. వారి కథ అక్షరాస్యతా వాచకములో పాఠమై ఊరూర చదువబడినది. మఱుసటి యేట సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము రాష్ట్రమంతట వచ్చినవి. మద్యనిషేధము 1997లో సడలిపోయినదన్నది వేఱుమాట.

ఒకరిద్దఱు తండ్రులు సంతకమునకు ఒప్పుకొనలేదు. మా శాసనసభ్యుడు తమ పక్షమువాడు కాడట. ఇది మనము జాగ్రత్తగా నుండవలసిన చోటు. మేము ఏ పక్షపు కండువాయు వేసికొనలేదు, ఏ పక్షమువారిని వెంటబెట్టుకొనలేదు. వోటు వేసినవారికిని వేయనివారికిని ప్రతినిధి ఆయన యొక్కడే గదా. “పని చేయనిచో వోటు వేయము” అని అర్జీలో వ్రాయుమని మఱొకరు సలహా ఇచ్చిరి. వ్రాయలేదు. ఆ మాట వారి కెవ్వరును చెప్పనక్కఱలేదు. సంతకముల వరుస చూచిన వెంటనే వారే లెక్కవేసికొందురు. పూలదండ, శాలువ కూడ తేలేదు. వానిఖర్చుతో అర్జీకి అయిదు నకళ్ళు తీయించి, ఒకటి మండల విద్యాధికారికి, ఒకటి జిల్లా విద్యాధికారికి, ఒకటి సోమవారము కలెక్టరు కచ్చేరిలో అర్జీలు పుచ్చుకొనుచోట ఇచ్చి రసీదు సంఖ్య వ్రాసికొంటిమి. ఒక నకలు మాయొద్ద నుంచుకొంటిమి. కడపటిది మా శాసనసభ్యులవారికి.

ఆయనను పెండ్లిపందిటిలో గాక ఈసారి కచ్చేరిలోనే చూడదలచి, ముందుగా కార్యదర్శికి ఫోనుచేసి సమయ మడిగితిమి. పదినిమిషములు ఇచ్చిరి. పోయినవారము ఆర్గురము, మూడు తల్లులు ఈ యూరివారు, మూడు ఆ యూరివారు. అందఱు మాటలాడినచో ఎవరి మాటయు వినబడదని ఇద్దఱము మాత్రమే మాటలాడుటకు నిర్ణయించుకొంటిమి. గుమ్మమువద్ద కాళ్ళు వణికినమాట నిజము. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల ప్రదర్శనశాలకు టిక్కెట్టు లేక వచ్చిన నెహ్రూగారిని, పదునాలుగేండ్ల దుర్గాబాయి తలుపువద్దనే నిలిపివేసెనట. టిక్కెట్టు కొన్నపిమ్మటనే లోనికి విడిచినది. ఆ బాలికయే పెద్దదై రాజ్యాంగసభలో కూర్చుండి, 1958లో స్త్రీవిద్యను గూర్చిన జాతీయ సంఘమునకు అధ్యక్షురాలైనది. ఆ పిల్లకు లేని వణకు మాకెందుకని ఒకరినొకరము చూచి నవ్వుకొని లోనికి పోయితిమి.

“రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి వచ్చారేమిటమ్మా?” అని ఆయన మొదట అడిగిరి. అదే మాకు కలిసివచ్చినది. ఒక యూరికి మేలుచేసి మఱొక యూరివారి కోపము తెచ్చుకొను బాధ వారికి లేదు. పుట చదివిరి. “ఎక్కడి బళ్ళో ఎక్కువమంది పంతుళ్ళున్నారు?” అని యడుగగా మండలపు లెక్కకాగితము ముందుంచితిమి. “నేను రాస్తాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మళ్ళీ రండి” అనిరి. ఆ పదునైదు దినముల మాటను వారి ముందరనే చిన్న పుస్తకములో తారీఖుతో వ్రాసికొంటిమి. వారు చూచిరి.

పదునైదు దినములకు జవాబు రాలేదు. మరల పోయితిమి; కార్యదర్శి చేత జిల్లా కచ్చేరికి ఫోను చేయించితిమి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట సర్కారు బడులలో తలిదండ్రుల మహాసమావేశములు జరిగినప్పుడు, ఆయన మండలకేంద్రములోని బడికి వచ్చిరని తెలిసి అచ్చటికిని పోయి, వేదిక దిగినతరువాత “మీ లేఖకు జవాబు ఇంకను రాలేదండీ” అని ఒక్క వాక్యము చెప్పివచ్చితిమి. మాలో నొకామె, “ఇన్నిసార్లు వెళితే విసుక్కుంటారేమో” అన్నది. విసుగుకొన్నట్లే కనబడిరి. ఐనను సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెఱచిననాడు మా పంతులుగారు మా బడికి తిరిగివచ్చిరి. ఆ యూరికి వేఱొక బడినుండి ఒకరిని సర్దిరి. ఆ మఱునాడే కృతజ్ఞతాలేఖ వ్రాసి, దానిక్రింద ఇంకను మూడు పోస్టులు ఖాళీగానే యున్నవని ఒక పంక్తి చేర్చితిమి. 2024 జూనులో ముఖ్యమంత్రి సంతకముచేసిన 16,347 ఉపాధ్యాయ పోస్టుల నియామకప్రక్రియ ముగిసి, 2025 అక్టోబరులో క్రొత్త పంతులమ్మ యొకర్తె ఆ రెండవ యూరిబడికి వచ్చినది. మా బడికి రావలసిన మూడవవారు ఇంకను రాలేదు.

మా చిన్నమ్మాయి ఇప్పుడు ఆఱవ తరగతి. మావారి మోటారుసైకిలు వెనుక కూర్చుండి నాలుగు కిలోమీటర్ల దూరమునందలి ఉన్నత పాఠశాలకు పోవుచున్నది. దానితోబాటు అయిదవ తరగతి చదివిన పొరుగింటి పిల్ల ఇంటియొద్దనే యున్నది. తమ్ముని ఎత్తుకొని కాలువగట్టుమీద నిలిచి, బండి వంతెన దాటువఱకు చూచుచుండును. ఆమె తల్లి నడుగగా, “ఆడపిల్లని గట్టంట నాలుగు కిలోమీటర్లు ఒంటరిగా ఎలా పంపమంటారు?” అన్నది. 2025 ఆగస్టు 15నుండి మన రాష్ట్రములో ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు; మంచిదే. మా గట్టుమీదకు వచ్చు ఒకే బస్సు ఉదయము పదకొండు గంటలకు వచ్చును. బడిగంట తొమ్మిదికే మ్రోగును.

ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్లలోపల నుండవలెనని నిబంధన యున్నది. అంతకంటె దూరమైనచో పిల్లలకు రవాణా సౌకర్యము చూపవలసినది ప్రభుత్వము. బస్సువేళ మార్చుట డిపో మేనేజరు చేతిలోనిది, రవాణాభత్యము విద్యాశాఖది. గట్టుమీద మా యూరితోబాటు మఱి మూడు పల్లెలున్నవి. ఏ పల్లెలో ఎందఱు ఆడపిల్లలు అయిదవ తరగతితో నిలిచిపోయిరో నిన్నటితో రెండు పల్లెల లెక్క ముగిసినది: తొమ్మిదిమంది. రేపు మధ్యాహ్నము వంట ముగించుకొని మూడవ పల్లెకు పోవుచున్నాము. పొరుగింటి పిల్ల తల్లియు తోడువచ్చునట. వేలిముద్ర గాక, తన పేరు వ్రాయుట నేర్చుకొని సంతకమే పెట్టెదనని నాలుగుదినములుగా మా యరుగుమీద పలక దిద్దుచున్నది.